చచ్చిన చప్పుడుకే పట్టా

నడుముదాకా జుట్టు, ఒంటి నిండా పచ్చబొట్లు, నల్ల బనీను మీద పుర్రె బొమ్మ, చెవులు గింగురుమనే గిటారు. హెవీ మెటల్ అంటే దొరల దేశాల్లో పెద్దమనుషులకు ఇంతే తెలుసు. సైతాను పాట అన్నారు, పిల్లల గదులు వెతికి క్యాసెట్లు బయట పారేశారు. ఆ సైతాను పాటకు ఇప్పుడు ఒక శాస్త్రం ఉంది. 2008లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో, అంటే సాక్షాత్తూ మొజార్ట్ పుట్టిన ఊళ్లో, దాని మీద అంతర్జాతీయ సదస్సు పెట్టారు. 2013లో అంతర్జాతీయ సంఘమే కట్టుకున్నారు. వెనకాలే ‘మెటల్ మ్యూజిక్ స్టడీస్’ అని పత్రిక వచ్చింది. ఒకరు రాసింది ఇంకొకరు చదివి, తప్పులు పట్టి, తిట్టి, తిప్పి పంపి, ఆ తరవాతే అచ్చేస్తారు. 2013లోనే ఇంగ్లండులో నాటింగ్‌హామ్ కాలేజీ ఒకటి హెవీ మెటల్‌లో డిగ్రీ పెడితే పత్రికలు పగలబడి నవ్వాయి. కాలేజీవాళ్లు వాళ్ల నవ్వు వాళ్లను నవ్వనిచ్చి అడ్మిషన్లు మొదలెట్టారు.

ఈ సంగతి మన గుంటూరు, ప్రకాశం పండితుల చెవిన వేస్తే వచ్చే మాట ఒకటే. "ఏందయ్యా, చప్పుడు మీద కూడా డాక్టరేట్లేనా?"

అనేది ఎవరు? ఈ నేల మీద పుట్టినవాళ్లు. పత్తి జిన్నింగు మిల్లు మోతలో నిద్రపోయి, మిరప చేలో తైవాన్ పంపు మోతకు మేల్కొని, శివరాత్రికి కోటప్పకొండ కింద నాలుగు దిక్కుల నుంచీ నాలుగు రకాల డీజేలు ఒకేసారి గుండెల మీద దూకుతుంటే కొబ్బరికాయ కొట్టుకుని వచ్చినవాళ్లు. చీమకుర్తిలో కొండను కోసే రంపాల చప్పుడు విని పెరిగినవాళ్లు. అన్నట్టు, ఆ కొండలోంచి తీసే నల్ల గ్రానైటుకు వ్యాపారంలో ఉన్న పేరు బ్లాక్ గెలాక్సీ. నార్వేలో ఏ కుర్రాడికైనా ఆ పేరు చెప్పి చూడండి, ఏ బ్యాండు, ఎన్ని ఆల్బమ్‌లు వచ్చాయి అని అడుగుతాడు.

అక్కడివాళ్లు ఏం చేశారో చూద్దాం. షికాగోలో డీపాల్ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ చెప్పే డీనా వైన్‌స్టీన్ 1991లోనే ఈ సంగీతం మీద, అది వినే కుర్రకారు మీద పుస్తకం వేసింది. 1993లో రాబర్ట్ వాల్సర్ ఇంకొకటి వేశాడు. ఆయన స్వయంగా గిటారు పట్టినవాడు. మెటల్ గిటారిస్టులు బాఖ్‌నూ వివాల్దీనీ ఎట్టా నమిలి మింగారో స్వరాలతో సహా రాసి చూపించాడు. శాస్త్రీయం మేడ మీద, తతిమ్మాదంతా వీధిలో అనుకునే వాళ్లకు ఆ పుస్తకం ఇప్పటికీ అజీర్తి చేస్తూనే ఉంటుంది. 2008 క్రిస్మస్ సంచికలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తల ఊపుడు మీద ఒక పరిశోధన వేసింది. రాసింది ఆస్ట్రేలియావాళ్లు. ఈ పాటల సగటు వేగం నిమిషానికి 146 దెబ్బలనీ, ఆ వేగానికి తల 75 డిగ్రీలు దాటి ఊగితే మెదడుకు కొద్దిపాటి గాయం కావచ్చనీ తేల్చారు. మెడకు పట్టీ వేసుకోమని సలహా కూడా ఇచ్చారు. 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయం ఫిజిక్సువాళ్లు కచేరీలో ఒకరినొకరు కుమ్ముకునే గుంపుల వీడియోలు ముందేసుకుని లెక్క కట్టారు. ఆ మనుషులు తిరిగే తీరు వాయువులో అణువులు తిరిగే తీరేనట! అదీ ఏ వారపత్రికలోనో కాదు, ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చయింది.

మన దగ్గర పోలేరమ్మ కొలుపులో పూనకం వచ్చిన ఆడమనిషి తల ఎన్ని డిగ్రీలు ఊగుతుందో ఎవరైనా కొలిచారా? కొలవబోతే ముందు కొలిచేవాడి తల ఊడుతుంది, ఆ సంగతి వేరే.

మెటల్ పండితులందరూ మహానుభావులని నేననడం లేదు. డెత్ మెటల్, బ్లాక్ మెటల్, డూమ్, థ్రాష్, వాటిలో మళ్లీ పిల్ల శాఖలు. ఏ పాట ఏ శాఖలోదని వాళ్లు పెట్టుకునే పంచాయితీ ముందు మన నియోగి, వైదికి వాదాలు ఒక మూలకు రావు. అరగంటలో విని ఆనందించాల్సిన ఆల్బమ్‌ను అరవై పేజీల్లో ఎండబెట్టగల సమర్థులు అక్కడా ఉన్నారు. కానీ ఒక్క విషయంలో వాళ్లకు దణ్ణం పెట్టాలి. చప్పుడు బతికి ఉండగానే, ఊరు ఛీ అంటున్నప్పుడే, దాని దగ్గరికి నడిచి వెళ్లారు. గుంపులో నిలబడ్డారు. ఆ చప్పుడు తమకు ఇష్టమని సాటి ప్రొఫెసర్ల ముందు సిగ్గు పడకుండా చెప్పారు.

బర్మింగ్‌హామ్ సంగతే తీసుకోండి. అది ఇనుము, రేకు, పొగ ఊరు. 1965లో అక్కడ రేకుల ఫ్యాక్టరీలో పదిహేడేళ్ల టోనీ అయోమీ పనిలో ఆఖరి రోజున యంత్రంలో చెయ్యి పెట్టి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతను ఎడమచేతి వాటం మనిషి. తీగలు నొక్కాల్సిన కుడిచేతి వేళ్లే పోయాయి. ప్లాస్టిక్ సీసా కరగబెట్టి వేళ్లకు టోపీలు చేసుకున్నాడు, వాటి మీద తోలు ముక్క అంటించుకున్నాడు. తరవాత తరవాత నొప్పి తగ్గించుకోవడానికి తీగల బిగువు కూడా తగ్గించాడు. ఆ తెగిన వేళ్లలోంచి పుట్టిన బరువైన శబ్దమే బ్లాక్ సబాత్ బ్యాండు. మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. ఆ ఊరి ఫ్యాక్టరీలకూ ఈ శబ్దానికీ ఉన్న సంబంధం మీద చరిత్ర పత్రికల్లో పరిశోధనలు వచ్చాయి. ఊళ్లో ఒక వంతెనకు బ్యాండు పేరు పెట్టారు. కోవెంట్రీ విశ్వవిద్యాలయం అయోమీకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. వేళ్లు తెగిన కూలీ కుర్రాడు డాక్టరయ్యాడు.

మన విశ్వవిద్యాలయాలూ గౌరవ డాక్టరేట్లు ఇస్తాయి, ఇవ్వవని కాదు. అవి చేరే ఇళ్లు వేరు. అక్కడ వేళ్లు తెగవు. ఆ వేళ్లకు ఉంగరాలుంటాయి.

గుంటూరులో జిన్నింగు మిల్లులో చెయ్యి పోగొట్టుకున్నవాడికి దక్కేది వైద్యం ఖర్చులో సగం, మేస్త్రీ తిట్లు పూర్తిగా. వాడు ఆ మోతలో ఏం పాడుకున్నాడో, యార్డులో మిరప ఘాటుకు దగ్గుతూ బస్తాలు మోసే హమాలీలు ఏ పాటతో కదం కలుపుతారో, 1987, 88లో తెల్లదోమ పత్తిని మింగేసి ప్రకాశం జిల్లా రైతులు పురుగుమందు తాగినప్పుడు వాళ్ల వాకిళ్లలో ఆడవాళ్ల శోకాలు ఎట్టా సాగాయో, ఇవన్నీ ఏ శాఖ కిందికి వస్తాయి? అర్థశాస్త్రం వాళ్లు ఎకరాకు అప్పెంతో రాసుకుపోయారు. వ్యవసాయ శాస్త్రం వాళ్లు తెల్లదోమ గుడ్లు లెక్కపెట్టారు. శోకం సిలబస్‌లో లేదు.

అయినా ఒకటి ఉందంటారు. జానపదం. అవును, ఉంది. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో దారి వేశారు. జయధీర్ తిరుమలరావు లాంటివాళ్లు ఊళ్లు తిరిగి వాద్యాలు పోగు చేశారు. వాళ్లకు నమస్కారం. నా గొడవ వాళ్లతో కాదు, వాళ్లు వేసిన దారిలో ఏసీ కారెక్కి, అద్దం దించకుండా వెళ్లేవాళ్లతో. వీళ్ల థీసిస్ తెరిస్తే మొదటి పేజీలోనే 'మన ఘనమైన జానపద వారసత్వం డప్పు' అని ఉంటుంది.

ఎవరి వారసత్వం స్వామీ?

మన ఒంగోలు ప్రాంతంలో పందొమ్మిదో శతాబ్దంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర మాదిగలు వేలకు వేలు మతం పుచ్చుకున్నారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అట్టా మారినవాళ్లు ఊరి జాతరలకు డప్పు కొట్టం అంటే ఊరు ఊరుకోలేదు, పగబట్టింది. చావుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి, కరణం గారి చాటింపుకు కొట్టాలి. ఇష్టమై కొట్టింది ఎప్పుడు, వెట్టిగా కొట్టింది ఎప్పుడు? ఈ రెంటికీ తేడా తెలియని పరిశోధన వంద పేజీలుంటే ఏం, వెయ్యి పేజీలుంటే ఏం? డప్పును మంట దగ్గర కాచి, గోటితో మీటి, శ్రుతి చూసుకునేవాడి చెవిలో ఎంత విద్య ఉందో రాయరు. ఆ తోలు ఊనినవాడి నీడ పడితే ఒకప్పుడు తాము స్నానం చేసిన సంగతి అసలే రాయరు. 'కళాకారులు ఆర్థికంగా వెనుకబడి ఉన్నారు' అని ఒక వాక్యం రాసి కింద గీత గీస్తారు. వెనకబడ్డారట! వెనకాలే నడుచుకుంటూ వచ్చి వాళ్లంతట వాళ్లే ఆగిపోయినట్టు.

1985 సంగతి చెప్పాలి. ఆ సెప్టెంబరు 19న వాషింగ్టన్‌లో సెనెట్ కమిటీ కూర్చుని రాక్ పాటలు పిల్లల్ని చెడగొడుతున్నాయా లేదా అని విచారించింది. పెద్దింటి ఆడవాళ్లు ఒక సంఘంగా ఏర్పడి పదిహేను పాటల జాబితా పట్టుకుని వచ్చారు. మెటల్ పాటలు అందులో బోలెడు. ఆ జాబితాకెక్కిన ఒక బ్యాండు గాయకుడు డీ స్నైడర్ జీన్సు ప్యాంటుతో వచ్చి, తన పాటకు వాళ్లు చెప్పిన అర్థం వాళ్ల బుర్రల్లోదేనని చెప్పి వెళ్లాడు. చివరికి తేలింది క్యాసెట్ డబ్బా మీద ఒక హెచ్చరిక చీటీ. దానికి రెండు నెలల ముందు, జులై 17న, మన కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మాదిగ ఆడమనిషి ఎదురు మాట్లాడిందని మొదలైన గొడవలో ఆరుగురు మాదిగలను చంపారు. అక్కడ పాట గొంతు పెంచితే సెనెట్ పిలిచి విన్నది. ఇక్కడ మనిషి గొంతు పెంచితే పల్లె మీద పడ్డారు.

బతికినవాళ్లు చీరాల వచ్చి శిబిరంలో కూర్చున్నారు. దళిత మహాసభ పుట్టింది. తొమ్మిదేళ్లకు, 1994 జులై 7న, అదే ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. అన్నేళ్లూ పైవాళ్ల మాట చాటిన డప్పు తన మాట తాను చాటింది. ఎస్సీ వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పేదాకా ముప్ఫై ఏళ్లు ఆ చప్పుడు ఆగలేదు. ఇంత పొడుగు కచేరీ ప్రపంచంలో ఏ మెటల్ బ్యాండూ చేసి ఉండదు. రాజకీయ శాస్త్రం వాళ్లకు ఇందులో ఓట్లు కనిపించాయి. కోర్టు తీర్పుల మీద న్యాయశాస్త్రం వాళ్లు వ్యాసాలు రాశారు. చావు దరువు కొట్టిన చెయ్యి ఊరేగింపు దరువుకు ఎట్టా మళ్లింది, వేగం ఎక్కడ పెరిగింది, ఏ దెబ్బ తీసేసి ఏ దెబ్బ చేర్చారు అని వినే చెవి మాత్రం ఈ చుట్టుపక్కల ఏ ప్రాంగణంలోనూ నాకు కనిపించలేదు. వాల్సర్ గిటారుకు చేసిన పనే ఇది. అమెరికా నుంచి జోయి షెరీనియన్ అనే ఆమె తమిళనాడు వచ్చి, పరై డప్పు నేర్చుకుని, సినిమా తీసి మరీ చేసిన పని. మనవాళ్లకు డప్పు నేర్చుకోమంటే చెయ్యి మైలపడుతుందన్న భయం ఇంకా పోలేదు. పైకి మాత్రం, చెయ్యి నొప్పి అంటారు.

ఇక బుర్రకథ. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ కథ దెబ్బకు మద్రాసు ప్రభుత్వం అదిరి బుర్రకథనే నిషేధించింది. జనం చీకట్లో నడిచి వెళ్లి విన్న రోజులవి. అప్పుడు దాని మీద పరిశోధన చేస్తానన్న లెక్చరర్ ఉద్యోగం ఉండేదా? 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఊళ్లలోకి వీడియోలు వచ్చేశాయి, బుర్రకథ కుటుంబ నియంత్రణ ప్రచారం చెప్పుకుంటోంది. పోలీసులు భయపడటం మానేశాక పండితులు ప్రేమించడం మొదలెట్టారు. ఆ తరవాత చూడండి సెమినార్లు! 'బుర్రకథ: ఒక పరిశీలన', 'బుర్రకథ: ఒక అనుశీలన', 'బుర్రకథ: పరిశీలన, అనుశీలన'. మన విశ్వవిద్యాలయాలకు ఏ చప్పుడైనా నచ్చాలంటే ముందు అది చావాలి. కనీసం పక్షవాతమైనా రావాలి.

సెమినార్లు ఎందుకింత పొంగాయో తెలియాలంటే యూజీసీ లెక్కలు చూడాలి. పత్రానికి పాయింట్లు కట్టే లెక్క పాతదే. 2018 నిబంధనల ప్రకారం భాషల్లో, సామాజిక శాస్త్రాల్లో ఒక పరిశోధన పత్రానికి 10 పాయింట్లు, సైన్సులో 8. పాయింట్లుంటే ప్రమోషన్. కాబట్టి పత్రాలు పండాయి. పత్రాలు అచ్చేసే పత్రికలు అంతకన్నా పండాయి. డబ్బు కట్టిన సాయంత్రానికే అచ్చయ్యేవి కూడా పుట్టాయి. 2018 మేలో యూజీసీ ఉలిక్కిపడి తన జాబితాలోంచి 4,305 పత్రికలను ఒక్క దెబ్బతో తీసేసింది. 2019లో కేర్ అని ఇంకో జాబితా తెచ్చింది. 2025లో దాన్నీ ఎత్తేసింది. కాపీ మీదా నిబంధనలున్నాయి. పది శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. నలభై దాకా అయితే విద్యార్థి ఆరు నెలల్లోగా మార్చి రాసి ఇవ్వొచ్చు. అరవై దాటితేనే పేరు కొట్టేస్తారు. డప్పు కొట్టేవాడు పది దెబ్బల్లో నాలుగు పక్కవాడివి కొడితే జట్టులోంచి అప్పటికప్పుడే నెట్టేస్తారు, ఆరు నెలలు ఆగరు.

మన మిర్చి యార్డులో తేజ, 334, 341, బ్యాడిగి అని గుప్పెడు కాయ చేతిలోకి తీసుకుని రంగు చూసి, తొడిమ చూసి, విరిచి వాసన చూసి క్షణంలో రకం చెప్పేస్తారు. రంగు పోయిన కాయను తాలు అని పక్కన పోస్తారు, దాని ధర దానికుంటుంది. తాలుకు తేజ రేటు వేసే కమీషన్ వ్యాపారి ఆసియా ఖండంలో పుట్టలేదు. ఆ పెద్దమనుషులను నలుగురిని తీసుకెళ్లి జానపద విభాగం బీరువా ముందు నిలబెడితే మధ్యాహ్నానికల్లా పని అయిపోతుంది.

ఇంతకీ, కుర్రాడొకడు ధైర్యం చేశాడనుకుందాం. ఊహే, ఏ ప్రాంగణాన్నీ ఉద్దేశించి కాదు, ఎవరూ భుజాలు తడుముకోవద్దు. అంశం: 'పలక నుంచి డీజే దాకా: కోటప్పకొండ తిరనాళ్లలో చప్పుడు'. పలక అంటే డప్పే. మంచి అంశమే. ఎనభై తొంభై అడుగుల ప్రభ ఊరు దాటాలంటే కరెంటు తీగలు తప్పించాలి. ప్రభ మీద వేల దీపాలు, కింద జనరేటర్లు, ముందు స్పీకర్ల గోడ. ఊరికీ ఊరికీ పోటీ, ఎత్తులో ఒకటి, మోతలో ఒకటి. చట్టం ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పది తరవాత మైకు ఆపాలి. ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా సర్కారు దయతలిస్తే పన్నెండు దాకా సాగొచ్చు. 1972లో లండన్ కచేరీలో డీప్ పర్పుల్ బ్యాండు 117 డెసిబెల్స్ కొట్టిందని గిన్నిస్ పుస్తకంలో రాసుకున్నారు. శివరాత్రి నాడు కొండ కింద కొలిచే యంత్రం పెడితే గిన్నిస్ వాళ్లకు పని పడుతుంది. ఈ మోతలో పలక ఎక్కడికి పోయింది, పలక కొట్టినవాడి కొడుకు డీజే పెట్టెలు మోస్తున్నాడా, పాట ఎంచుతున్నాడా? కుర్రాడి ప్రశ్న ఇదీ.

కమిటీ కూర్చుంది. బిస్కెట్లు వచ్చాయి.

"డెసిబెల్స్ అంటున్నావు. ఫిజిక్స్ వాళ్ల దగ్గరికి పోకూడదూ?"

"పోయాను సార్. తిరనాళ్ల అంటే తెలుగు వాళ్ల దగ్గరికి పొమ్మన్నారు."

"జిల్లా పేరు కూడా చూసుకో అబ్బాయ్. కొండ ఇప్పుడు పల్నాడులోకి పోయింది. మన పరిధిలోకి వస్తుందో రాదో రిజిస్ట్రార్‌ను అడగాలి."

"మా ఊరి ప్రభ సంగతి ఏమన్నా రాస్తావా?" అన్నారు మూలనున్న ఒకాయన, అంతసేపటికి నోరు విప్పి. "రాస్తే ఎత్తు సరిగ్గా రాయి. పక్కూరి దానికన్నా మూడడుగులు ఎక్కువ."

"డీజే మాట తీసెయ్ నాయనా, బాగుండదు. చప్పుడూ వద్దు. 'ప్రభల్లో భక్తి భావన: ఒక పరిశీలన' అని పెట్టుకో. మూడేళ్లలో పట్టా చేతిలో పెడతాం."

"పలక సంగతి సార్?"

"ఆఁ, బాగా గుర్తు చేశావు. వచ్చే నెల సెమినారుకు మంత్రిగారొస్తున్నారు. గేటు దగ్గర నుంచి హాలు దాకా డప్పులతో తీసుకురావాలి. పదిమంది చాలు. మీ పల్లెవాళ్లే ఉంటారుగా, రేటు కాస్త తగ్గించి మాట్లాడు."